ఎత్తైన ఆసనం ఎవరి కోసం?



కంపెనీ పనిమీద పెద్ద అధికారులు ఊరు దాటి వెళ్ళాలి. వాళ్ళకు మామూలు విమానంలో బిజినెస్ క్లాసు టికెట్లు కొనాలా, లేక ఒక ప్రైవేట్ జెట్‌నే మాట్లాడాలా? ఈ ప్రశ్నకూ ధమ్మానికీ ఏం సంబంధం అని మీకు అనిపించవచ్చు. ప్యారడైజ్ దగ్గర సిటీ బస్సు కోసం అరగంట నిలబడే మనకు జెట్ సంగతి ఎందుకని కూడా అనిపించవచ్చు.

కానీ ఈ ప్రశ్న మన మధ్య నుంచే వచ్చింది. ఒక కంపెనీలో ప్రయాణాల ఏర్పాట్లు చూసే తమ్ముడు ఒకతను ఆదివారం ధమ్మ చర్చలో అడిగాడు: "అక్కా, రెండు పద్ధతులకూ ఖర్చు లెక్కగట్టి ఏది మేలో పట్టిక రాసివ్వమన్నారు. నా కాగితం చూసే సార్లు సంతకం పెడతారు. తిరిగేది వాళ్ళు, రాసేది నేను. అందులో నా కర్మ ఏమైనా ఉందా?"

నవ్వి వదిలేసే ప్రశ్న కాదిది. మనలో చాలామందిమి డ్రైవర్లుగా, అకౌంటెంట్లుగా, సెక్యూరిటీ గార్డులుగా, క్లర్కులుగా ఇంకొకరి నిర్ణయానికి చేయూతనిచ్చి బతుకుతున్నాం. సంతకం మనది కాదు. కానీ ఆ సంతకం దాకా తీసుకెళ్ళే కాగితం మన చేతి మీదుగానే పోతుంది. అందుకే దీన్ని ఓపిగ్గా చూద్దాం.

మన నెత్తి మీది విమానం

రాంగోపాల్‌పేట్‌లో ఉండేవాళ్ళకు విమానం దూరపు వస్తువు కాదు. బేగంపేట్ విమానాశ్రయం మనకు 5 కిలోమీటర్లు కూడా ఉండదు. 2008 మార్చి 23న శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం మొదలైంది. ఆనాటి నుంచి మామూలు ప్రయాణికుల విమానాలన్నీ అక్కడికి వెళ్ళిపోయాయి. బేగంపేట్‌లో మిగిలినవి ప్రభుత్వ ప్రముఖుల విమానాలు, సైన్యానికి చెందినవి, శిక్షణకు వాడేవి, ఇంకా ప్రైవేట్ జెట్లు. మామూలు మనిషి విమానం ఎక్కాలంటే 30 కిలోమీటర్ల పైచిలుకు పోవాలి. జెట్ ఎక్కేవాళ్ళకు మాత్రం ఊరి నడిమధ్యలో ద్వారం తెరిచే ఉంది. రసూల్‌పురా బస్తీలో రేకుల ఇంటిముందు కూర్చున్న అవ్వకు కూడా ఆ చప్పుడు తెలుసు.

అదే బేగంపేట్‌లో రెండేళ్ళకోసారి పెద్ద విమాన ప్రదర్శన జరుగుతుంది. 2024 జనవరిలో వింగ్స్ ఇండియా పేరుతో నాలుగు రోజులు జరిగింది. పెద్ద ప్రయాణికుల విమానాలతోపాటు చిన్న జెట్లు కూడా అక్కడ కొలువుదీరుతాయి. అంటే ఈ వ్యాపారం మన గడపలోనే ఉంది. ఆ చప్పుడు వినేవాళ్ళకు దాని మంచిచెడ్డలు అడిగే హక్కు కూడా ఉంటుంది.

కంపెనీ చెప్పే లెక్క

ముందు కంపెనీవాళ్ళ మాటను న్యాయంగా విందాం. ఎదుటివాడి వాదనను సరిగ్గా చెప్పకుండా ఖండించడం సమ్యక్ వాక్కు అనిపించుకోదు.

వాళ్ళు చెప్పేది ఇది. ఢిల్లీకి విమానంలో రెండుంబావు గంటలే. కానీ శంషాబాద్ దాకా పోవడం, ముందుగా చేరుకోవడం, తనిఖీల్లో నిలబడడం, దిగాక సామాను కోసం ఆగడం కలిపితే సగం రోజు పోతుంది. జెట్ అయితే పావుగంట ముందు పోయినా చాలు. సాయంత్రం పని ఆలస్యమైతే విమానమే ఆగుతుంది. దారిలో రహస్యమైన విషయాలు మాట్లాడుకోవచ్చు. ఒకే రోజున మూడు ఊళ్ళు తిరిగి రావచ్చు. ఎనిమిది మంది కలిసి వెళ్తే తలా ఇంత అని పంచుకోవచ్చు. మామూలు విమానం పోని ఊళ్ళో ఫ్యాక్టరీ ఉంటే వేరే దారే లేదు.

ఇందులో అబద్ధం లేదు. కాలానికి విలువ ఉంది. నిజంగా ఎనిమిది మంది, నిజంగా మూడు ఊళ్ళు, నిజంగా వేరే దారిలేని చోటు అయితే ఆలోచించాల్సిందే. ఒక ప్రాణం నిలపడానికి గుండెనో ఊపిరితిత్తులనో తెచ్చే చిన్న విమానాన్ని విలాసం అని ఎవరూ అనరు.

అయితే చాలా ప్రయాణాలు అలాంటివేనా? 2024లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రపంచమంతటా తిరిగిన ప్రైవేట్ జెట్ల జాడ తీసింది. దాదాపు సగం ప్రయాణాలు 500 కిలోమీటర్లలోపువే. మన లెక్కలో చెప్పాలంటే ఇక్కడి నుంచి విజయవాడ, తిరుపతి, విశాఖ దాదాపు ఆ పరిధిలోవే. మన సికింద్రాబాద్ స్టేషన్ నుంచి విశాఖకు, తిరుపతికి 2023లోనే వందే భారత్ రైళ్ళు మొదలయ్యాయి.

పట్టికలో రాని గడులు

2021లో యూరప్‌కు చెందిన ట్రాన్స్‌పోర్ట్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే సంస్థ ఒక లెక్క తేల్చింది. ఒక మనిషి ప్రయాణానికి మామూలు విమానం వదిలే పొగతో పోలిస్తే ప్రైవేట్ జెట్ 5 నుంచి 14 రెట్లు ఎక్కువ వదులుతుంది. రైలుతో పోలిస్తే 50 రెట్లు. ఇంకో విషయం ఏమిటంటే, దింపిన జెట్ ఊరికే ఉండదు. తర్వాతి మనిషిని ఎక్కించుకోవడానికి ఖాళీగా ఇంకో ఊరికి ఎగురుతుంది. ఆ ఖాళీ ప్రయాణపు పొగ ఎవరి ఖాతాలోనూ పడదు. పైన చెప్పిన 2024 అధ్యయనం ప్రకారం 2023లో ఈ జెట్లు వదిలిన కార్బన్ డయాక్సైడ్ 156 లక్షల టన్నులు. 2019తో పోలిస్తే 46 శాతం ఎక్కువ.

అలాగని బిజినెస్ క్లాసుకు సన్మానం చెయ్యాల్సిన పని లేదు. అక్కడ ఒక మనిషి ఇద్దరు ముగ్గురి చోటు తీసుకుంటాడు. 2013లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు లెక్కగట్టి, బిజినెస్ క్లాసు ప్రయాణికుడి వాటా ఎకానమీ ప్రయాణికుడి వాటాకు దాదాపు మూడు రెట్లు అని చెప్పారు. అసలు 2018లో ప్రపంచ జనాభాలో విమానం ఎక్కినవాళ్ళే 11 శాతం దాకా ఉంటారని అంచనా. మిగతావాళ్ళకు దక్కేది ఆ పొగ వల్ల పెరిగే ఎండ మాత్రమే. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కప్పు కింద పడుకునేవాళ్ళకు ఆ ఎండ అంటే ఏమిటో వేరే చెప్పాలా?

ఇప్పుడు తమ్ముడికిచ్చిన పట్టికను మళ్ళీ చూడండి. అందులో రెండే గడులున్నాయి: జెట్, బిజినెస్ క్లాసు. జెట్ పక్కన పెట్టగానే బిజినెస్ క్లాసు ఎంతో పొదుపుగా, దాదాపు త్యాగంలాగా కనబడుతుంది. ఎకానమీ, రైలు, వీడియో కాల్, అసలు పోకుండా ఉండడం - ఈ నాలుగు గడులూ కాగితం చేతికి రాకముందే కొట్టేశారు. తృష్ణ ఇలాగే పనిచేస్తుంది. "కావాలా, వద్దా" అని అడగదు. "ఇది కావాలా, అది కావాలా" అని అడుగుతుంది.

జబ్బుపడ్డ భిక్ఖువు, బండి

వాహనం గురించి బుద్ధుడు ఏమైనా చెప్పాడా? చెప్పాడు. వినయ పిటకంలోని మహావగ్గలో ఈ సంగతి ఉంది.

ఆరుగురు భిక్ఖువులు ఒక జట్టుగా ఉండేవాళ్ళు. వాళ్ళు బండ్లెక్కి దర్జాగా తిరగడం చూసి జనం తప్పుపట్టారు. అప్పుడు బుద్ధుడు భిక్ఖువులు వాహనమెక్కి పోరాదని నియమం పెట్టాడు. తర్వాత కోసల దేశంలో ఒక భిక్ఖువు బుద్ధుణ్ణి చూడడానికి శ్రావస్తికి నడిచి పోతూ దారిలో జబ్బుపడ్డాడు. ఒక చెట్టు కింద కూలబడ్డాడు. అటుగా పోయేవాళ్ళు జాలిపడి బండి ఎక్కమన్నారు. నియమం ఉందని ఆయన ఎక్కలేదు. సంగతి బుద్ధుడికి తెలిసింది. జబ్బుపడ్డవాళ్ళు వాహనం ఎక్కవచ్చని ఆయన నియమాన్ని సడలించాడు. ఆ తర్వాత ఇంకొక భిక్ఖువుకు బండి కుదుపులు ఓర్చుకోలేనంత బాధ కలిగింది. అతనికి పల్లకీని కూడా అనుమతించాడు.

గమనించండి. పల్లకీ అంటే ఆ కాలపు బిజినెస్ క్లాసు. బుద్ధుడు దాన్ని కూడా కాదనలేదు. అయితే ఎవరికి ఇచ్చాడు? సంఘంలో పెద్దవాడికి కాదు, ఎక్కువ వర్షావాసాలు గడిపినవాడికి కాదు, రాజుగారి స్నేహితుడికీ కాదు. బండి కుదుపుకు ఓర్వలేనివాడికి ఇచ్చాడు. కొలత హోదా కాదు, అవసరం. సుఖం కోసం బండెక్కిన ఆరుగురికి కూడదన్న వస్తువునే బాధలో ఉన్న ఒక్కడికి తానే ఇచ్చాడు.

మహావగ్గలో ఈ ప్రకరణం అయిపోగానే వచ్చే నియమం ఎత్తైన, విలాసవంతమైన శయ్యల గురించి. ఉపోసథం రోజున అష్టశీలం తీసుకునే ఉపాసకులు ఆ మాట పలుకుతూనే ఉంటారు. వాహనం, శయ్య - ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడం ఈ కాలానికి ఎంత సరిపోయిందో చూడండి. బిజినెస్ క్లాసు సీటు ఇప్పుడు రెండూ ఒకటిగా కలిసిన వస్తువు, పూర్తిగా వాలిస్తే పడకైపోయే వాహనం.

కాబట్టి సీటు మీద ముద్ర వెయ్యకండి. అందులో ఎవరున్నారో చూడండి. అరవై ఏళ్ళ మనిషి, వెన్నునొప్పి, హైదరాబాద్ నుంచి అమెరికాకు ఇరవై గంటల ప్రయాణం, దిగీదిగగానే పని. ఆ మనిషికి ఆ సీటు పల్లకీయే, ఇవ్వండి. ఆరోగ్యంగా ఉన్న ముప్పై అయిదేళ్ళ మేనేజరు రెండు గంటల ఢిల్లీ ప్రయాణానికి అదే సీటు అడిగితే అది ఉచ్చాసనం. అదే తోలు, అదే ఇనుము. తేడా ఎక్కే మనిషి అవసరంలో ఉంది.

తక్కెడ, మేడిచెట్టు

సంసారులకు భిక్ఖువుల నియమాలు ఎందుకు అంటారేమో. న్యాయమైన మాటే. సంసారికి బుద్ధుడు పేదరికాన్ని బోధించలేదు. అంగుత్తర నికాయంలో కోలియ వంశస్థుడు దీఘజాణు బుద్ధుణ్ణి సూటిగా అడుగుతాడు: మేము పెళ్ళాం పిల్లలతో ఉండేవాళ్ళం, చందనం పూసుకునేవాళ్ళం, డబ్బు ముట్టుకునేవాళ్ళం, మాలాంటివాళ్ళకు సరిపోయేది చెప్పండని. బుద్ధుడు నాలుగు చెప్పాడు. కష్టపడి సంపాదించడం, సంపాదించింది కాపాడుకోవడం, మంచి స్నేహం, సమజీవితం.

సమజీవితం అంటే తక్కెడ పట్టినవాడిలా బతకడం. ఎటు మొగ్గుతోందో చెయ్యికి తెలియాలి. చాలీచాలని రాబడితో ఆడంబరంగా బతికేవాణ్ణి మేడిపండ్లు తినేవాడితో పోల్చాడు. మేడిచెట్టు ఊపితే పండ్లన్నీ రాలిపడతాయి. తినేది నాలుగు, మట్టిపాలయ్యేది బుట్టెడు. అలాగే బాగా ఉండి కూడా కడుపు కట్టుకుని బతికేవాణ్ణి దిక్కులేని చావు చచ్చేవాడితో పోల్చాడు. అంటే పిసినారితనం కూడా ధమ్మం కాదు.

పన్నెండు సీట్ల జెట్‌లో ఇద్దరు పోయి, తిరుగుదారిలో అది ఖాళీగా వస్తే మేడిచెట్టును ఊపినట్టే కదా.

మరి పెద్ద సంపదను ఎలా వాడాలి? ఆనందుడి కథ వినండి. కోశాంబిలో ఉదేన రాజు రాణులు ఆనందుడికి 500 చీవరాలు దానం చేశారు. రాజుకు అనుమానం వచ్చి, ఒక్క భిక్ఖువుకు ఇన్ని ఎందుకని అడిగాడు. చీవరాలు చిరిగినవాళ్ళకు పంచుతానన్నాడు ఆనందుడు. మరి ఆ చిరిగినవో? దుప్పట్లకు. పాత దుప్పట్లు? పరుపు గలేబులకు. ఆ తర్వాత కింద పరుచుకోడానికి, ఆపైన కాళ్ళు తుడుచుకోడానికి, చివరికి మట్టిలో కలిపి పూయడానికి. రాజు సంతోషించి తానూ వస్త్రాలు ఇచ్చాడు. ఎక్కువ ఉండడం అక్కడ తప్పు కాలేదు. ఎక్కడికి పోతోందో చెప్పగలగడమే పరీక్ష అయింది.

లేవని చెయ్యి

సరే, అవసరం లేకపోయినా జెట్ ఎందుకు వదలరు? ధమ్మం దీనికి పెట్టిన పేరు మానం. నేను ఎక్కువ, నేను సమానం, నేను తక్కువ అని ఎప్పుడూ కొలుచుకునే గుణం. అర్హతుడయ్యేదాకా పూర్తిగా తెగని సంకెళ్ళలో ఇదొకటి.

2008 నవంబరులో అమెరికాలో జరిగింది చూడండి. జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్ కార్ల కంపెనీల అధిపతులు ముగ్గురు వాషింగ్టన్‌కు వచ్చారు. కంపెనీలు మునిగిపోయేలా ఉన్నాయి, ప్రజల డబ్బులోంచి 2,500 కోట్ల డాలర్లు కావాలి అని అడగడానికి వచ్చారు. ముగ్గురూ మూడు ప్రైవేట్ జెట్లలో దిగారు. జెట్ అమ్మేసి మామూలు విమానంలో తిరిగి పోయేవాళ్ళు చెయ్యెత్తండని సభ్యుడొకాయన అడిగాడు. ఒక్క చెయ్యి లేవలేదు. దేశమంతా తిట్టిపోసింది. మళ్ళీ డిసెంబరులో వచ్చినప్పుడు ముగ్గురూ డెట్రాయిట్ నుంచి 800 కిలోమీటర్ల పైగా రోడ్డు మీద తమ కంపెనీల కార్లలోనే వచ్చారు. డిసెంబరులో కారులో రాగలిగిన శరీరాలు నవంబరులో జబ్బుపడి లేవు. అంటే ఆ జెట్ మోసింది శరీరాన్ని కాదు, మానాన్ని.

మన దేశంలోనూ 2009 సెప్టెంబరులో పొదుపు పేరుతో మంత్రులను ఎకానమీలో పొమ్మన్నారు. అప్పుడే ఒక కేంద్ర మంత్రి ఆ క్లాసును పశువుల క్లాసు అన్న అర్థం వచ్చే మాట వాడి గొడవలో పడ్డారు. సరదాకి అన్నానన్నారు. సరదా మాటలోనే మానం ఎక్కువగా బయటపడుతుంది. అయితే కెమెరాల ముందు నాలుగు రోజులు ఎకానమీలో కూర్చోవడం కూడా మానమే, వేషం మార్చుకున్న మానం.

వారెన్ బఫెట్ అనే ధనవంతుడు 1980లలో కంపెనీకి జెట్ కొన్నాడు. అంతకుముందు ఇలాంటి ఖర్చును తానే వెక్కిరించేవాడు. అందుకని తనమీద తానే చమత్కారంగా ఆ జెట్‌కు 'సమర్థించుకోలేనిది' అనే అర్థంతో పేరు పెట్టాడు. కొన్నాళ్ళకు ఆ పేరు మార్చి 'లేకపోతే కుదరనిది' అనే అర్థం వచ్చేలా పెట్టాడు. మనిషి నిజాయితీపరుడు కాబట్టి బయటికి చెప్పాడు. మనం చెప్పం, అంతే. నిన్నటి విలాసం నేటి అవసరమయ్యే దారి ఇదే. ఇంట్లో ఏసీ, చేతిలో ఫోను, పెళ్ళిలో కార్ల వరస - అన్నీ ఇదే దారిలో వచ్చాయి.

ఎవరి డబ్బు?

"కంపెనీ డబ్బు, వాళ్ళిష్టం" అనే మాట మీరు వినే ఉంటారు. మన పక్కనే ఎస్.పి. రోడ్డులో మేఫెయిర్ సెంటర్ ఉంది. ఒకప్పుడు సత్యం కంప్యూటర్స్ రిజిస్టర్డ్ ఆఫీసు అక్కడే. 2009 జనవరి 7న ఆ కంపెనీ చైర్మన్ రామలింగరాజు లేఖ రాసి, లేని డబ్బును ఉన్నట్టు లెక్కల్లో చూపించామని ఒప్పుకున్నారు. ఆ లేఖ ప్రకారం చూపించిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవు. ఇక్కడ జెట్ల ప్రసక్తి లేదు. కానీ కంపెనీ డబ్బు ఎవరిదో ఆ రోజు అందరికీ తెలిసింది. సుమారు 50 వేల మంది ఉద్యోగుల ఇళ్ళల్లో ఆ రాత్రి నిద్ర లేదు. వాటాలు కొన్న చిన్నవాళ్ళు, కంపెనీ బస్సులు నడిపినవాళ్ళు, క్యాంటీన్ పెట్టుకున్నవాళ్ళు అందరూ కంగారుపడ్డారు. వాళ్ళందరూ ఆ డబ్బులో భాగస్థులే. ఉన్నదానికంటే పెద్దగా కనబడాలన్న కోరిక చిన్న పట్టికలోనూ మొదలవుతుంది, పెద్ద లెక్కల పుస్తకంలోనూ మొదలవుతుంది.

బాబాసాహెబ్ అంబేడ్కర్ తన 'బుద్ధుడు - ధమ్మం' గ్రంథంలో ధమ్మం సామాజికమైనదని వివరించారు. ఒంటరి మనిషికి ధమ్మం అవసరం లేదు, ఇద్దరు మనుషులు కలిసి బతకాలంటే ధమ్మం కావాలి అన్నది ఆయన భావం. జెట్ కిటికీ దగ్గర కూర్చున్నవాడికి ఆకాశంలో తాను ఒంటరిగా ఉన్నట్టు అనిపిస్తుంది. కింద రసూల్‌పురా ఉంది.

తమ్ముడికి జవాబు

మరి ఆ తమ్ముడి కర్మ మాటేమిటి?

బుద్ధుడు ఉపాసకులకు కూడదన్న వ్యాపారాలు అయిదు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. టికెట్లు కొనిపెట్టే ఉద్యోగం వాటిలో లేదు. కాబట్టి ఉద్యోగం మానెయ్యమని చెప్పం. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఉన్న మనిషికి అలా చెప్పడం కరుణ కాదు. కర్మ చేతనలో ఉంది. సంతకం చేసేవాడి చేతన అతనిది. నీ చేతన నీ పట్టికలో ఉంది తమ్ముడూ.

కాబట్టి పట్టిక నిజంగా రాయి. జెట్‌లో ఎన్ని సీట్లో కాదు, ఎంతమంది పోతున్నారో రాయి. ఖాళీగా తిరిగి వచ్చే ప్రయాణపు ఖర్చు కలుపు. ఎకానమీ గడి పెట్టు, రైలు ఉంటే రైలు గడి పెట్టు, వీడియో కాల్‌తో పనవుతుందేమో ఒక వరస రాయి. ప్రయాణికుల్లో ఎవరికైనా ఆరోగ్యం బాగోలేకపోతే అది కూడా రాయి, వాళ్ళకు మంచి సీటు సిఫారసు చెయ్యి. ఆ రెండింటిలోనే ఎంచుకోమంటే బిజినెస్ క్లాసు తక్కువ హాని అని రాయి. ప్రాణం నిలపడానికో, వేరే దారిలేని చోటికి నిండా మనుషులతో పోవడానికో అయితే జెట్ సరే అని కూడా రాయి.

"ఈ అదనపు గడులు తీసెయ్" అని పైనుంచి మాట రావచ్చు. రావడానికే ఎక్కువ అవకాశం ఉంది. అప్పుడు గొంతు చించుకోనక్కర్లేదు. "సార్, మీరు తీసెయ్యమంటే తీసేస్తాను, కానీ ఇదే పూర్తి లెక్క అని నేను రాయలేను" అను చాలు. ఆ ఒక్క వాక్యానికి కూడా ధర ఉంటుందని తెలుసు. ఇంక్రిమెంటు ఆగవచ్చు, మొహం చాటెయ్యవచ్చు. అందుకే బుద్ధుడు దీఘజాణుకు చెప్పిన నాలుగింటిలో కల్యాణమిత్రత కూడా ఉంది. నిజం రాసినవాడు ఒంటరివాడు కాకుండా చూసే బాధ్యత మన చర్చకు వచ్చే ప్రతి ఒక్కరిదీ. అతనికి ఇబ్బంది వస్తే ఇంకో ఉద్యోగం వెతకడంలో, నెల గడవడంలో నిలబడాల్సింది మనమే. లేకపోతే ఆదివారం ధైర్యం చెప్పి సోమవారం మాయమైనవాళ్ళం అవుతాం.

ఇక చదువుతున్న మీకు ఒక మాట. ఈ నెల ఉపోసథం రోజున మీ ప్రయాణాలను ఒకసారి తలచుకోండి. ఆటో, క్యాబ్, ఏసీ బోగీ, పెళ్ళికి మాట్లాడిన ఇన్నోవా - దేన్నయినా తీసుకోండి. నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది నా శరీరానికి కావాలా, నా మానానికి కావాలా? ఎంత వాడుతున్నాను, ఎంత రాల్చేస్తున్నాను? దీని డబ్బు ఎవరిది? దీని పొగ, చప్పుడు ఎవరి ఇంటి మీద పడుతున్నాయి? నాలుగింటికీ కళ్ళు దించకుండా జవాబు చెప్పగలిగితే, ఆ వాహనం ఏదైనా నిశ్చింతగా ఎక్కండి. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని మీ అమ్మగారికి క్యాబ్ మాట్లాడడానికి వెనకాడకండి. అది పల్లకీ.